నొప్పి మాత్రలు

నొప్పి మాత్రలు లేదా నొప్పి నివారిణులు అనగా తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, పంటి నొప్పి, నెలసరి నొప్పి, జ్వరం వంటి సాధారణ బాధలకు వైద్యుని చీటీ లేకుండానే జనులు మందుల దుకాణంలో కొని వాడుకొనే మందులు. వీటిలో ముఖ్యమైనవి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్. ఈ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవి. పైపూతగా వాడే బామ్‌లు, తైలాలు కూడా ఈ కోవకే చెందుతాయి.

ఇవి నొప్పికి కారణమైన వ్యాధిని నయం చేయవు. నొప్పి తెలియకుండా చేస్తాయి, లేదా వాపును, జ్వరాన్ని తగ్గిస్తాయి. తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడినపుడు చాలామందికి ఇవి సురక్షితమైనవే. అయితే ప్రతి ఇంటిలోను అలమరలో ఉండే మందులు కనుక వీటి గురించి జాగ్రత్త తక్కువ, అపోహలు ఎక్కువ. మార్ఫిన్, ట్రమడాల్ వంటి నల్లమందు సంబంధమైన మందులు వేరు. వాటిని వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఇస్తారు. అలాగే శస్త్రచికిత్సలో వాడే మత్తు మందులు కూడా వేరు. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాము కాలంలో జరిగిన ప్రసిద్ధ హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల పరిశోధన ఆ మత్తు మందులకు సంబంధించినది.

చరిత్ర

ఆధునిక మాత్రలు రాకముందు తెలుగునాట తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేయడం, కీళ్ళ నొప్పులకు ఆముదం రాసి ఉప్పు మూటతో కాపడం పెట్టడం, వావిలాకు వేసి కాచిన నీటితో స్నానం చేయించడం వాడుకలో ఉండేవి. బాలింతలకు వావిలాకు స్నానం కొన్ని ఇళ్ళలో నేటికీ ఉన్నది. ఐరోపాలో ఇదే పనికి విల్లో చెట్టు బెరడును వాడేవారు. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను ఆంగ్ల మతాధికారి ఈ బెరడు పొడి జ్వరాన్ని తగ్గించుచున్నదని లండన్‌లోని రాయల్ సొసైటీకి తెలియజేసినాడు. ఆ బెరడులోని పదార్థం నుండి వచ్చిన సాలిసిలిక్ ఆమ్లం జ్వరాన్ని తగ్గించేది గాని కడుపును బాగా బాధించేది. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దాని నుండి శుద్ధమైన ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారు చేయగా, 1899లో ఆ కంపెనీ దానిని ఆస్పిరిన్ అను పేరుతో అమ్మకానికి పెట్టినది.

పారాసెటమాల్ కథ ఇంకొంచెం వంకరగా నడిచినది. 1886లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో కాన్, హెప్ అను ఇద్దరు వైద్యులు నాఫ్తలీన్ అనుకొని పొరపాటున వేరొక రసాయనాన్ని రోగికి ఇవ్వగా జ్వరం తగ్గినది. ఆ రసాయనం ఎసిటనిలైడ్. అయితే అది రక్తాన్ని దెబ్బతీసి పెదవులు, గోళ్ళు నీలంగా మారునట్లు చేసేది. దాని బదులు వచ్చిన ఫినాసిటిన్ దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా అమ్ముడుపోయినది. దీర్ఘకాలం వాడినవారి మూత్రపిండాలు పాడగుట బయటపడిన తరువాత అనేక దేశాలు దానిని నిషేధించినవి. భారతదేశంలోను అది నిషిద్ధ ఔషధమే. పారాసెటమాల్‌ను 1893లోనే ఫాన్ మెరింగ్ రోగులపై పరీక్షించినాడు గాని, అది కూడా రక్తానికి హాని చేయునని పొరపాటుగా భావించుటచే ఆ మందు అర్ధ శతాబ్దం పాటు మూలన పడినది. 1948లో అమెరికాలో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అను శాస్త్రవేత్తలు ఎసిటనిలైడ్ శరీరంలో పారాసెటమాల్‌గా మారుచున్నదని, నొప్పిని తగ్గించునది ఆ పారాసెటమాలే గాని అది విషం కాదని చూపినారు. 1955లో అమెరికాలోను, 1956లో బ్రిటన్‌లోను అది దుకాణాలకు వచ్చినది.

ఐబుప్రొఫెన్‌ను బ్రిటన్‌లోని నాటింగ్‌హాం నగరంలో బూట్స్ కంపెనీలో స్టూవర్ట్ ఆడమ్స్ బృందం 1961లో కనుగొన్నది. విందు మరునాటి తలనొప్పికి ఆడమ్స్ ఆ మందును తానే మింగి చూసుకొన్న సంగతి ప్రసిద్ధం. 1969లో వైద్యుని చీటీపై అమ్ముడైన ఈ మందు 1983లో బ్రిటన్‌లో చీటీ లేకుండా దొరకసాగినది.

తెలుగువారి పేర్లు

ఈ చరిత్రలో తెలుగువారికి చెప్పుకోదగిన స్థానం కలదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించినారు. సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టి ప్రచారం చేసినారని చెబుతారు. ఆ వ్యాపారం మీద వచ్చిన సొమ్ముతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రికను స్థాపించి నడిపినారు. 1914లో పత్రికతో పాటు అమృతాంజనం కూడా మద్రాసుకు చేరినది. ఒక తలనొప్పి మందు ఒక భాషలోని పత్రికకు, గ్రంథమాలకు పెట్టుబడి అగుట అరుదైన విషయమే.

హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో ప్రారంభించిన జిందా తిలిస్మాత్ యునానీ పద్ధతికి చెందిన తైలం. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు ఇందులోని ముఖ్య ద్రవ్యాలు. ఎర్రని రంగు ఒక వేరు నుండి వచ్చునది. హిమాయత్‌నగర్, నారాయణగూడ ప్రాంతాలకు దగ్గరలోనే ఉన్న అంబర్‌పేటలో దీనిని తయారు చేస్తారు. జలుబు, దగ్గు, తలనొప్పి, ఒంటినొప్పులకు పాతబస్తీలోను, కొత్త నగరంలోను తరాలుగా దీనిని వాడుచున్నారు.

మాత్రల తయారీలోను హైదరాబాదు పెద్ద కేంద్రం. సోవియట్ సహకారంతో 1960లలో బాలానగర్‌లో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఈ పరిశ్రమకు బడి వంటిది. డా. రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. నేడు హైదరాబాదు కేంద్రంగా గల గ్రాన్యూల్స్ వంటి కంపెనీలు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్‌లను పెద్ద ఎత్తున తయారు చేసి విదేశాలకు పంపుచున్నవి. కోవిడ్ ఆరంభంలో, 2020 మార్చి 3న, కేంద్ర ప్రభుత్వం పారాసెటమాల్ ఎగుమతిపై ఆంక్షలు విధించినపుడు ఐరోపా దేశాలలో కలవరం పుట్టినది. మాత్రలపై ఆంక్షలు ఏప్రిల్‌లోను, ముడి ఔషధంపై మే నెలలోను తొలగించబడినవి. అయితే పారాసెటమాల్‌కు మూలమైన పారా అమైనో ఫినాల్ అధికభాగం చైనా నుండి రావలసియుండుట ఆనాడే అందరికీ తెలిసినది.

పనిచేయు విధానం

దెబ్బ తగిలిన చోట లేదా వాపు వచ్చిన చోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థాలను తయారు చేస్తాయి. ఇవి నరాల కొసలను సున్నితం చేయుటచే చిన్న తాకిడి కూడా నొప్పిగా తోచును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొంటాయి. 1971లో ఈ రహస్యాన్ని కనుగొన్న జాన్ వేన్‌కు 1982లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించినది.

చిక్కు ఎక్కడనగా, ఇవే ప్రోస్టాగ్లాండిన్లు శరీరానికి మేలు కూడా చేస్తాయి. జీర్ణాశయపు లోపలి పొరను ఆమ్లం నుండి కాపాడుట, మూత్రపిండాలకు రక్త ప్రసారం నిలుపుట వీటి పనులే. కాబట్టి నొప్పి తగ్గించు మాత్రయే కడుపులో పుండుకు, మూత్రపిండాల దెబ్బకు కారణం కాగలదు. ఇది మందులోని కల్తీ వలన కలిగే దోషం కాదు, మందు పనిచేసే తీరులోనే ఉన్నది. సూదిమందుగా తీసుకొన్నను ఈ ప్రమాదం తప్పదు. సూది వేయించుకొంటే కడుపుకు హాని లేదనుట అపోహ మాత్రమే. పారాసెటమాల్ ముఖ్యంగా మెదడు, వెన్నుపాములలో పనిచేయును. అది పనిచేయు తీరు పూర్తిగా తేలలేదు. వాపును అది అంతగా తగ్గించదు, కడుపును అంతగా బాధించదు.

ముఖ్యమైన రకాలు

పారాసెటమాల్ క్రోసిన్, కాల్పోల్, డోలో మొదలైన పేర్లతో దొరకును. జ్వరానికి, మామూలు నొప్పికి మొదట వాడదగినది ఇదే. పెద్దలకు ఒక విడతకు 500 నుండి 1000 మి.గ్రా. వరకు, విడతకు విడతకు నడుమ కనీసం 4 నుండి 6 గంటల విరామంతో వాడవచ్చును. 24 గంటలలో 4000 మి.గ్రా. మించరాదు. బక్కపలుచని వారు, వృద్ధులు, మద్యం అలవాటున్నవారు, కాలేయ వ్యాధి గలవారు ఇంకను తక్కువకే ఆగవలెను. తమకెంత తగునో వారు వైద్యుని అడిగి తెలుసుకొనుట మంచిది.

ఐబుప్రొఫెన్ పంటి నొప్పి, బెణుకు, నెలసరి నొప్పి వంటి వాపుతో కూడిన బాధలకు బాగా పనిచేయును. వైద్యుని సలహా లేకుండా వాడునపుడు ఒక విడతకు 200 నుండి 400 మి.గ్రా., రోజుకు 1200 మి.గ్రా. దాటరాదు. ఆహారం తరువాతనే వేసుకోవలెను. కాంబిఫ్లామ్ అను ప్రసిద్ధ మాత్రలో 400 మి.గ్రా. ఐబుప్రొఫెన్, 325 మి.గ్రా. పారాసెటమాల్ కలిసి ఉన్నవి. రెండూ ఉన్నవని చాలామందికి తెలియదు.

ఆస్పిరిన్‌ను నేడు నొప్పికి వాడుట తగ్గినది. రక్తం గడ్డకట్టకుండా గుండె జబ్బు గలవారికి 75 మి.గ్రా. వంటి చిన్న మోతాదులో వైద్యులు ఇచ్చుచున్నారు. ఆస్పిరిన్ ప్రభావం రక్తంలోని ప్లేట్‌లెట్లపై వారం, పది రోజుల వరకు ఉండును. గుండెకు ఆస్పిరిన్ వాడేవారు నొప్పికి తరచుగా ఐబుప్రొఫెన్ వేసుకొన్నచో ఆస్పిరిన్ చేయు మేలు తగ్గవచ్చును. జలుబు, జ్వరం, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇచ్చినచో రే సిండ్రోమ్ అను అరుదైన, ప్రాణాంతకమైన వ్యాధి రాగలదు. అందుచే పిల్లలకు ఆస్పిరిన్ వైద్యుడు చెప్పనిదే ఇవ్వరాదు.

డైక్లోఫినాక్, నిమెసులైడ్, మెఫినమిక్ ఆమ్లం, నాప్రాక్సెన్ చట్ట ప్రకారం చీటీపై అమ్మవలసిన మందులు. దుకాణాలలో నోటిమాటకు దొరకుట వేరు సంగతి. నిమెసులైడ్‌ను కాలేయంపై దుష్ఫలితాల కారణంగా 2002లో ఫిన్లాండ్, స్పెయిన్ దేశాలు ఉపసంహరించినవి. భారత ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో 12 సంవత్సరాల లోపు పిల్లలకు దానిని నిషేధించినది. నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫినమిక్ ఆమ్లం వలన అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రాగలదని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించినది. ఒంటిపై దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు దాని గుర్తులు.

బామ్‌లు, తైలాలు పైపూతకు మాత్రమే. వీటిలో చాలావాటికి ఘాటైన వాసనను ఇచ్చునది మిథైల్ సాలిసిలేట్. ఇది ఆస్పిరిన్‌కు చుట్టమే. శుద్ధమైన ఈ తైలం ఒక చెంచాడు మింగినచో ఇరవై ఆస్పిరిన్ మాత్రలు మింగినంత విషం. కర్పూరం కూడా పసిపిల్లల కడుపులోకి పోయినచో మూర్ఛలు తెప్పించగలదు. కాబట్టి బామ్ డబ్బా పిల్లలకు అందని ఎత్తులో ఉండవలెను. జలుబు చేసిన పసిబిడ్డ ముక్కు రంధ్రాలలో బామ్ రాయుట పెద్దల కాలం నుండి వచ్చుచున్న అలవాటే అయినను మానదగినది.

చట్టం ఏమి చెప్పుచున్నది

భారతదేశంలో చీటీ లేకుండా అమ్మదగిన మందులకు ప్రత్యేకమైన జాబితా చట్టంలో లేదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం క్రింద 1945లో చేసిన నియమావళిలో హెచ్, హెచ్1, ఎక్స్ అను షెడ్యూళ్ళు కలవు. వీటిలో చేరిన మందులకు చీటీ కావలెను. చేరనివి చీటీ లేకుండా అమ్మవచ్చునని వ్యవహారం. ఇదే నియమావళిలోని కె షెడ్యూలు ప్రకారం వెయ్యి జనాభాకు మించని పల్లెలలో పారాసెటమాల్, ఆస్పిరిన్ మాత్రలు, నొప్పి బామ్‌లు వంటి గృహ వైద్య సామగ్రిని లైసెన్సు లేని అంగడిలోను అమ్మవచ్చును. పల్లెటూరి కిరాణా కొట్టులో బిస్కెట్ల సీసా పక్కన మాత్రలు కనబడుటకు ఆధారం ఇదే. స్ట్రిప్ వెనుక నిలువుగా ఎర్ర గీత ఉన్నచో ఆ మందు వైద్యుని సలహాపై వాడవలసినదని గుర్తు.

కలగలుపు మాత్రలపై ప్రభుత్వానికి, కంపెనీలకు నడుమ చాలాకాలంగా వివాదం నడచుచున్నది. 2018 సెప్టెంబరులో ప్రభుత్వం 328 రకాల కలగలుపు మందులను నిషేధించగా, తలనొప్పి మాత్ర సారిడాన్ కూడా అందులో ఉన్నది. అదే నెలలో సుప్రీంకోర్టు దాని అమ్మకానికి అనుమతి ఇచ్చినది. 2024 ఆగస్టులో మరి 156 రకాలను నిషేధించినారు. ఎసిక్లోఫినాక్ 50 మి.గ్రా., పారాసెటమాల్ 125 మి.గ్రా. కలిపిన మాత్ర వాటిలో ఒకటి. అనాల్జిన్‌ను 2013 జూన్‌లో నిలిపివేసి, 2014లో షరతులతో తిరిగి అనుమతించినారు. ఈ తేదీలన్నియు చూడగా, నిన్న ఇంటింటా వాడిన మాత్ర నేడు నిషిద్ధమగుట, మరల వచ్చుట మామూలేనని తెలియును. కాబట్టి పదేళ్ళ క్రిందటి చీటీ చూపి అదే మందు కొనుట మంచిది కాదు.

హిమాయత్‌నగర్ పరిసరాలలో

హిమాయత్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతం మందుల దుకాణాలకు, ఆసుపత్రులకు, విద్యార్థులకు నెలవు. ఇక్కడ మందు కొనుట అతి సులభం. నాలుగు మాత్రలు చాలునన్నచో దుకాణదారు స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి ఇచ్చును. చవకగా వచ్చును గాని ఒక లోపం ఉన్నది. తయారీ తేదీ, గడువు తేదీ ఒక కొసన మాత్రమే ముద్రించి యుండుటచే మిగిలిన ముక్కపై మందు పేరు కూడా సగమే ఉండవచ్చును. తేదీ ఉన్న వైపు ముక్క ఇమ్మని అడుగుట, లేదా బిల్లు తీసుకొనుట దీనికి మార్గం. బిల్లుపై బ్యాచి సంఖ్య, గడువు ఉండును.

అశోక్‌నగర్ సివిల్స్, గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి పేట. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం తెరవకముందే అక్కడ విద్యార్థులు చేరుదురు. రోజుకు పది, పన్నెండు గంటలు తల వంచి చదువుట, నిద్ర తక్కువ, టీ ఎక్కువ, సమయానికి భోజనం లేకపోవుట వలన వచ్చు తలనొప్పికి వారు మాత్ర వేసుకొనుట సహజం. ఇక్కడనే ఒక వలయం మొదలగును. నెలలో 15 రోజులు లేదా అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు మూడు నెలలకు పైగా వాడుచుండినచో ఆ మాత్రలే తలనొప్పికి కారణం అగును. కెఫీన్ వంటివి కలిపిన మాత్రలైతే నెలకు 10 రోజులే చాలును. వైద్యులు దీనిని మందుల మితిమీరిన వాడకపు తలనొప్పి అంటారు. ఉదయం లేవగానే తలనొప్పి ఉండుట, మాత్ర వేయగానే తగ్గి మరల సాయంత్రానికి వచ్చుట దీని లక్షణం. మాత్ర మానినచో మొదటి కొద్ది రోజులు నొప్పి హెచ్చి తరువాత తగ్గును. పరీక్ష దగ్గర పడినపుడు ఎవరును మానలేరు కనుక ముందుగానే మాత్ర వేసిన రోజులను కాలెండరులో గుర్తు పెట్టుకొనుట ఉపయోగకరం. కంటి పరీక్ష చేయించుకొనుట అంతకంటె ముఖ్యం. కొన్ని తలనొప్పులకు మందు అద్దాల దుకాణంలో దొరకును.

వానాకాలం రాగానే ఈ ప్రాంతంలో మరొక ప్రమాదం ఎదురగును. అది డెంగ్యూ. నారాయణగూడలోని ఐ.పి.ఎం. సంస్థ, నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి, అనగా సర్ రోనాల్డ్ రాస్ ఉష్ణమండల, సాంక్రామిక వ్యాధుల సంస్థ, ఆ రోజులలో రద్దీగా ఉండును. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తస్రావం జరుగు ప్రమాదం ఉన్నది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి ప్లేట్‌లెట్ల పనిని, కడుపు పొరను దెబ్బతీయును కనుక డెంగ్యూలో వాడరాదు. జ్వరం ఏమిటో తేలనంతవరకు పారాసెటమాల్ ఒక్కటే వేసుకొనుట శ్రేయస్కరం. ఎముకలు విరిచినట్లుండు ఒళ్ళు నొప్పులకు గట్టి మాత్ర ఇమ్మని రోగి అడుగుట, దుకాణదారు ఇచ్చుట ఈ రోజులలోనే ఎక్కువ. అడిగినవానికి పరీక్ష చేయించుకొమ్మని చెప్పే దుకాణదారులు కూడా లేకపోలేదు. 2018 ఏప్రిల్ నుండి నగరంలో నెలకొన్న బస్తీ దవాఖానాలలో వైద్యుని సలహా, మందులు ఉచితం.

లెక్క తప్పే చోట్లు

పారాసెటమాల్ వలన హాని ఒక పేరు క్రింద ఎక్కువ వేసుకొనుట వలననే గాక, అనేక పేర్ల క్రింద తెలియక వేసుకొనుట వలన కూడా కలుగును. జలుబు మాత్రలు చాలావాటిలో 500 మి.గ్రా. పారాసెటమాల్ ఉండును. ఒక ఉదాహరణ: జలుబు, జ్వరం ఉన్న వ్యక్తి రోజులో 650 మి.గ్రా. జ్వరం మాత్రలు మూడు, జలుబు మాత్రలు మూడు, ఒళ్ళు నొప్పులకు ఐబుప్రొఫెన్ కలిసిన మాత్రలు రెండు వేసుకొన్నాడనుకొందాము. 1950, 1500, 650 కలిపి 4100 మి.గ్రా. అయినది. తాను మూడు వేర్వేరు మందులు, ఒక్కొక్కటి కొద్దిగా వేసుకొన్నానని అతని నమ్మకం. హద్దు మాత్రం దాటినది. స్ట్రిప్ వెనుక చిన్న అక్షరాలలో ఉండు మందు అసలు పేరు చదువుట తప్ప దీనికి వేరు ఉపాయం లేదు.

పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారును. గ్లూటాథయోన్ అను పదార్థం దానిని వెంటనే నిర్వీర్యం చేయును. మోతాదు మించినపుడు గ్లూటాథయోన్ తరిగిపోయి ఆ విషం కాలేయ కణాలను చంపును. ఇందులో మోసం ఏమనగా మొదటి రోజు రోగి దాదాపు మామూలుగానే ఉండును. వాంతులు, ఆయాసం కూడా లేకపోవచ్చును. రెండు నుండి నాలుగు రోజులలో కామెర్లు, కాలేయ వైఫల్యం బయటపడును. దీనికి విరుగుడు ఎన్ ఎసిటైల్ సిస్టీన్. ఎనిమిది గంటలలోపు మొదలుపెట్టినచో చాలా బాగా పనిచేయును. అందుచే మోతాదు మించినదని తెలిసిన తక్షణం, బాధ ఏమియు లేకపోయినను, ఖాళీ స్ట్రిప్‌లు చేత పట్టుకొని ఆసుపత్రికి పోవలెను. రేపు చూద్దామనరాదు.

పిల్లల విషయంలో లెక్క వయసును బట్టి గాక బరువును బట్టి ఉండును. కిలో బరువుకు 10 నుండి 15 మి.గ్రా. చొప్పున ఒక విడత. 10 కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 150 మి.గ్రా. అయితే సిరప్పులు రెండు బలాలలో దొరకును. 5 మి.లీ.కు 120 మి.గ్రా. గలదానిలో ఇది 6 మి.లీ. పైచిలుకు. 5 మి.లీ.కు 250 మి.గ్రా. గలదానిలో 3 మి.లీ. మాత్రమే. పసిపిల్లల చుక్కల మందు ఇంకను గాఢమైనది. దానిలో సాధారణంగా ఒక మి.లీ.కే 100 మి.గ్రా. ఉండును కనుక ఒకటిన్నర మి.లీ. చాలును. సిరప్పు కొలతతో చుక్కల మందు 6 మి.లీ. పోసినచో బిడ్డకు అందునది 600 మి.గ్రా., అనగా నాలుగింతలు. ఇంటి చెంచాతో కొలవకుండా సీసాతో ఇచ్చిన మూతతో లేదా సిరంజితో కొలవవలెను. అమ్మ ఒకసారి, అమ్మమ్మ మరొకసారి పట్టకుండా సమయం కాగితంపై రాసి సీసాకు అంటించుట మంచిది.

ఎవరు మానవలెను

కడుపులో పుండు వచ్చినవారు, రక్తం పలుచబడు మందులు వాడేవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి వైద్యుని అడగక ముట్టరాదు. నల్లని తారు వంటి విరేచనం కడుపులో రక్తస్రావానికి గుర్తు. ఉబ్బసం గలవారిలో కొందరికి ఇవి పడక ఆయాసం హెచ్చును. గర్భిణులు 20 వారాల తరువాత ఈ మందులు వాడరాదని 2020లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించినది. శిశువు మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గగలదు.

రక్తపోటుకు టెల్మిసార్టాన్ వంటి మాత్రతో పాటు మూత్రం జారీ చేయు మాత్ర కూడా వాడేవారు అనేకులు. మోకాళ్ళ నొప్పికి వారు డైక్లోఫినాక్ వేసుకొన్నచో మూత్రపిండాలపై మూడు వైపుల నుండి ఒత్తిడి పడును. ఎండాకాలంలో చెమట పట్టి నీరు తగ్గినపుడు, విరేచనాలు పట్టుకొన్నపుడు ఈ ప్రమాదం ఇంకను ఎక్కువ. నీరుడుగుటయే దీనికి తోడగుటచే, మే నెలలో ఎండలో కూలిపని చేసి రాత్రికి నొప్పి మాత్ర వేసుకొను శ్రామికుని మూత్రపిండాలు ఆపదలో ఉన్నవి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వేలాదిమందిని పీడించుచున్న మూత్రపిండాల వ్యాధికి గల కారణాలను వెతికినవారు నీరు, నేల, ఎండ, పురుగుమందులతో పాటు నొప్పి మాత్రల వాడకాన్ని కూడా పరిశీలించినారు. అసలు కారణం నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి.

పల్లెలలో ఆర్.ఎం.పి.లుగా పిలువబడేవారు నొప్పికి డైక్లోఫినాక్ సూదిమందు వేయుట పరిపాటి. పిరుదుపై తప్పు చోట పొడిచిన సూది నరానికి తగిలి కాలు పడిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదైనవి. కీళ్ళ నొప్పులకు అమ్మే పేరులేని పొడులు, గుళికల విషయంలోను జాగ్రత్త అవసరం. ఒక్క మోతాదుతోనే అద్భుతంగా గుణం కనిపించినచో అందులో స్టెరాయిడ్ కలిపి యుండవచ్చునని అనుమానించవలెను.

మాత్రతో ఆగక వైద్యుని వద్దకు పోవలసిన సందర్భాలు కొన్ని ఉన్నవి. ఛాతీ నొప్పి, లేదా ఎడమ చేతికి, దవడకు పాకు నొప్పి. ఇంతకు ముందెన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వచ్చుట. మెడ బిగుసుకొని జ్వరం ఉండుట. మాట తడబడుట, కాలుచేయి లాగుట. కడుపు నొప్పి ఒకచోట నిలిచి గంటగంటకు పెరుగుట. వీటికి మాత్ర వేసుకొని కూర్చొన్నచో నొప్పి తగ్గినను జబ్బు ముదురును. జ్వరం మూడు రోజులు దాటినను అంతే.

రాబందులు, డైక్లోఫినాక్

నొప్పి మాత్రల చరిత్రలో మనుషులకు సంబంధించని అధ్యాయం ఒకటి ఉన్నది. పశువుల నొప్పులకు డైక్లోఫినాక్ విరివిగా వాడిన 1990లలో భారత ఉపఖండంలో రాబందులు వేగంగా అంతరించసాగినవి. మందు వేసిన కొద్ది రోజులకు చనిపోయిన పశువు కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చచ్చుచున్నదని 2004లో ప్రచురితమైన పరిశోధన తేల్చినది. 2006లో భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫినాక్ తయారీని నిలిపివేయించినది. మనుషులకని అమ్మే పెద్ద సీసాలు పశువులకు చేరుచుండుటచే 2015లో సూదిమందు సీసా 3 మి.లీ. మించరాదని నియమం తెచ్చినారు. 2023 జూలైలో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను కూడా పశువులకు వాడకుండా నిషేధించినారు. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ ప్రస్తుతం వీటికి బదులుగా సూచింపబడుచున్నది.